పౌరుషం: శాస్త్రం చెప్పినది, మనం విన్నది



గత నాలుగైదు సంవత్సరాలుగా ఆలయానికి వచ్చేవారి వయస్సులో ఒక మార్పును గమనిస్తున్నాను. పూర్వం ప్రాతఃకాలార్చనకు వృద్ధులు, గృహిణులు, పరీక్షల కాలంలో విద్యార్థులు వచ్చేవారు. ఇప్పుడు ఇరవై నుండి ముప్పై ఏండ్ల వయస్సు గల యువకులు అధికంగా వస్తున్నారు. నుదుట తిలకం, మెడలో రుద్రాక్ష, మణికట్టున కాషాయసూత్రం. ప్రదక్షిణలు శ్రద్ధగా చేస్తారు, తీర్థం చక్కగా పుచ్చుకుంటారు. ముప్పై ఏండ్లకు పైగా అర్చకత్వంలో ఉన్నవానికి ఇది ఎంత సంతోషమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అర్చన ముగిసిన తరువాత మండపంలో కూర్చుని వారు వేసే ప్రశ్న మాత్రం దాదాపుగా ఒకటే. “స్వామీ, మన ధర్మం ప్రకారం మగవాడు ఎలా ఉండాలి?”

ప్రశ్న ఉత్తమమైనది. కాని ప్రశ్నతో పాటే సమాధానాన్ని కూడా వారు వెంట తెచ్చుకుంటున్నారు. మగవాడు కంటతడి పెట్టరాదు, తగ్గరాదు, ఇంట తన మాటకు ఎదురుండరాదు, క్రోధం అతనికి అలంకారం. ఇవన్నీ చరవాణిలో అరనిమిషం రీళ్లలో విన్న ఉపదేశాలు. వెనుక ఢమరుకధ్వని, తెరపై గద. నన్ను అడిగేది శాస్త్రనిర్ణయం కాదు, ఆ రీలుకు ఒక శ్లోకంతో ముద్ర వేయమని. ఆ ముద్ర నేను ఎందుకు వేయలేనో సావకాశంగా చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ యువకుల పక్షాన ఒక మాట. వీరిని మూఢులని తోసివేసేవారితో నేను ఏకీభవించను. తండ్రి పొలంలోనో మగ్గం దగ్గరో అంగడిలోనో పనిచేస్తుంటే కుమారుడు ప్రక్కన నిలబడి పురుషధర్మాన్ని కంటితో చూచి నేర్చుకున్న కాలం పోయింది. ఇప్పటి తండ్రి ఉదయం గడప దాటి రాత్రికి అలసి వస్తాడు; అతడు పగలంతా ఏమి చేశాడో కుమారునికి తెలియదు. తాత వేరే ఊరిలో, మేనమామ వేరే దేశంలో. కుర్రవాడు అమీర్‌పేటలో ఒక హాస్టల్ గదిలో నలుగురితో ఉండి కోర్సు మీద కోర్సు చదువుతాడు. ఉద్యోగం వస్తుందో రాదో, వచ్చినది నిలుస్తుందో లేదో తెలియదు. వివాహసంబంధాల మాట వచ్చేసరికి జీతమెంత, సొంత ఇల్లున్నదా, విదేశీ వీసా ఉన్నదా అని అడుగుతారు; నీవు ఎటువంటివాడవు అని అడిగే దిక్కు లేదు. అటువంటి స్థితిలో “నీవు సింహానివి” అని ఒక కంఠం చెవిలో చెబితే వినకుండా ఎవరుండగలరు? సంప్రదాయంలో వారు వెదకుతున్నది తమకంటూ ఒక స్థానాన్ని. ఆ ఆకాంక్ష న్యాయమైనదే. దానికి వారికి అందుతున్న సరుకే కల్తీది.

ఆ కల్తీ ఎక్కడిదో చూడండి. ఈ రీళ్లలో తరచుగా వినబడే మాట ‘ఆల్ఫా’. మందలో బలిష్ఠమైన మగ తోడేలు తక్కినవాటిని కరచి అణచి నాయకత్వం వహిస్తుందని, పురుషుడు అలా ఉండాలని తాత్పర్యం. ఈ ఊహకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పండితుడు బంధనంలో ఉన్న తోడేళ్లను చూచి వ్రాసిన పరిశీలన. దానిని 1970లో తన గ్రంథంతో లోకమంతటా ప్రచారం చేసినవాడు డేవిడ్ మెక్. అదే మెక్ తరువాత అరణ్యంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దీర్ఘకాలం పరిశీలించి, ఆ మంద ఒక కుటుంబమని, దాని నాయకులు తల్లీ తండ్రీ అని, అవి తమ పిల్లలనే నడిపించుకుంటున్నాయని 1999లో ప్రకటించాడు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తలను తానే కోరాడు. ఈ వృత్తాంతం నాకు మా మేనల్లుడు చదివి వినిపించాడు. అనగా బోనులో పెట్టిన పరాయి జంతువుల కలహాన్ని చూచి చేసిన సిద్ధాంతం, ప్రచారం చేసినవారే విడిచిపెట్టినది, ఇవాళ సనాతనధర్మం పేర మా మండపానికి చేరింది. మనకూ ఒక వృకోదరుడు ఉన్నాడు, నిజమే. కాని అజ్ఞాతవాసంలో ఆ వృకోదరుడు విరాటుని పాకశాలలో గరిటె పట్టాడు.

ఇక శబ్దవిచారం. తెలుగులో ‘పౌరుషం’ అనే మాట పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎవరైనా ఒక మాట అంటే పడనివానికి పౌరుషం ఉన్నదంటాము. ఉప్పూ కారం తింటున్నావా అని అడుగుతాము. మీసం మెలివేస్తే పౌరుషం, తలుపు దబాలున వేసి వెళ్లిపోతే పౌరుషం. శాస్త్రంలో ఆ పదానికి ప్రతియోగి స్త్రీత్వం కాదు, దైవం. పూర్వకర్మ వలన ప్రాప్తించినది దైవం. ఇప్పుడు ఈ దేహంతో బుద్ధిపూర్వకంగా చేసే ప్రయత్నం పౌరుషం. యోగవాసిష్ఠంలో ముముక్షు ప్రకరణమంతటా వసిష్ఠులవారు నిర్వేదంలో పడిన శ్రీరామునికి ఉపదేశించినది ఈ పౌరుషాన్నే. అక్కడ ఇతరులను జయించే ప్రసక్తి లేదు. తన పాత వాసనలను తాను జయించే ప్రసక్తి ఉన్నది. ఆ గ్రంథంలోనే నిర్వాణ ప్రకరణంలో చూడాల రాణి తన భర్త శిఖిధ్వజునికి తత్త్వోపదేశం చేస్తుంది. ఆమె చేసిన సాధనకూ పేరు పౌరుషమే.

పురుషశబ్దం కూడా అటువంటిదే. శరీరమనే పురంలో శయనించి ఉన్నవాడు కనుక పురుషుడని ఉపనిషద్వ్యాఖ్యాతలు నిర్వచించారు. ఆ పురం ఆడదైనా మగదైనా లోపల ఉన్నవాడు ఒక్కడే. సాంఖ్యులు మరి ఒక అడుగు ముందుకు వేసి, పురుషుడు అసంగుడు, సాక్షి, కర్తృత్వమంతా ప్రకృతిదే అన్నారు. అధికారం కోసం ఆ పదాన్ని ఆశ్రయించేవారికి అది ఏమాత్రం సహాయపడదు.

తత్త్వం అటుంచి చరిత్రకు వద్దాము. శ్రీమద్రామాయణం ఒక ప్రశ్నతో ఆరంభమవుతుంది. ఈ లోకంలో ఇప్పుడు ఇన్ని గుణాలు గల నరుడు ఎవడున్నాడని వాల్మీకి మహర్షి నారదుని అడుగుతాడు. మా మండపంలోని యువకులు అడిగే ప్రశ్న ఇదే కదా! మహర్షి పదహారు గుణాలను ఏకరువు పెట్టాడు. గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మం ఎరిగినవాడు, చేసిన మేలు మరువనివాడు, సత్యం పలికేవాడు, పట్టిన వ్రతం విడువనివాడు, సచ్చరిత్ర గలవాడు, సమస్తభూతాలకు హితుడు, విద్వాంసుడు, సమర్థుడు, చూడగానే ప్రియం కలిగించేవాడు, ధైర్యశాలి, క్రోధాన్ని జయించినవాడు, కాంతిమంతుడు, అసూయ లేనివాడు, యుద్ధంలో కోపం వస్తే దేవతలు సైతం భయపడేవాడు. లెక్కించి చూడండి. భుజబలానికి సంబంధించినవి మొదట ఒకటి, చివర ఒకటి. మధ్యలో ఉన్నవాటిలో అధికభాగం శీలానికి సంబంధించినవి. చివరి గుణానికి ముందే జితక్రోధుడు అన్నాడు. కోపం రానివాడని అనలేదు. కోపం తన అధీనంలో ఉన్నవాడని అన్నాడు. కోపానికి తాను అధీనుడైనవానిని లోకమంతా భయపడవచ్చు గాని, ఆ భయానికి రామాయణంలో స్థానం వేరే పాత్రకు ఉన్నది. కైలాసాన్ని కదిలించిన భుజాలు, వేదాధ్యయనం, స్వర్ణనగరం అన్నీ ఆ పాత్రకే ఉన్నాయి.

ఆ జితక్రోధుడు దుఃఖించాడా అంటే, బహిరంగంగా దుఃఖించాడు. అరణ్యకాండ చివర సీతామాత కనబడక చెట్టునూ పుట్టనూ అడుగుతూ విలపించాడు. పంపాతీరంలో తమ్ముని ముందు కన్నీరు కార్చాడు. సుగ్రీవుడు ఆమె ఆభరణాల మూట విప్పినప్పుడు చూపు ఆనకుండా కన్నీరు క్రమ్మింది. ఆ అశ్రువుల వలన వాలివధ ఆగలేదు, సేతుబంధనం ఆగలేదు. రావణుడు నేలకొరిగిన తరువాత విభీషణుడు అంత్యక్రియలకు సందేహిస్తే, మరణంతో వైరం ముగిసినదని, నీకు ఎటువంటివాడో నాకూ అటువంటివాడేనని చెప్పి సంస్కారం చేయించినవాడూ ఆయనే. ఓడినవానిని ఎగతాళి చేయడమే విజయమని నేర్పే తెరలను చూచి పెరిగిన పిల్లలకు ఈ ఘట్టం ఎవరైనా చెబుతున్నారా?

విగ్రహాల సంగతి కూడా ప్రస్తావించాలి. ముప్పై, ముప్పై ఐదు సంవత్సరాలుగా పటాలలో మన దేవతల దేహాలు మారుతున్నాయి. మా చిన్ననాటి ఇండ్లలో పట్టాభిరాముడు ఉండేవాడు. వామాంకాన సీతమ్మ, ప్రక్కన తమ్ములు, పాదాల చెంత మారుతి. బాపుగారి రేఖల్లో రాముడు సన్నగా, విశాలనేత్రాలతో, దయగా ఉండేవాడు. ఇప్పుడు ఒంటరిగా నిలబడి, కండలు పొంగి, విల్లు ఎక్కుపెట్టిన రాముడు. కనుబొమలు ముడివేసిన ఆంజనేయుని ముఖమైతే 2015 తరువాత కారు అద్దాలపై కనబడని వీధి లేదు. చిత్రకారుని స్వేచ్ఛను నేను కాదనను. కాని స్థపతుల సంప్రదాయం తెలిసినవారిని అడగండి. దేవతామూర్తికి నరాలు, ఎముకలు, కండరాలు పైకి తేలనీయరు. దేహం ప్రాణవాయువుతో నిండి నునుపుగా, కౌమారయౌవనాల సంధిలో ఉండాలి. శ్రమతో సంపాదించిన కండ మనుష్యదేహానికి లక్షణం. దేవతకు శ్రమ లేదు.

మీసం సంగతి అడుగుతారేమో. మీసాలున్న పెరుమాళ్లు చెన్నపురి తిరువల్లిక్కేణిలో ఉన్నాడు, పార్థసారథి. ఉత్సవమూర్తి ముఖంపై భీష్ముని బాణాల గాట్లు కూడా కనబడతాయి. ఆ మీసాల స్వామి యుద్ధంలో ఆయుధం పట్టనని మాట ఇచ్చి, మరొకని గుర్రాలకు పగ్గాలు పట్టినవాడు. సారథ్యం కొలువుపని. యువకులను అక్కడికి తీసుకువెళ్లి నిలబెట్టి, ఇదిగో పౌరుషం అని చూపించాలని నా కోరిక.

ఆ సారథి గీతలో అర్జునుని క్లైబ్యం విడువమని మందలించాడు కదా అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. మందలించాడు. ద్వితీయాధ్యాయపు ఆ ఒక్క పదం వద్ద పుస్తకం మూసివేసేవారికి పదహారవ అధ్యాయం చేరదు. అక్కడ దైవీసంపదలో ఇరవై ఆరు గుణాలు చెప్పినవాడు అదే కృష్ణుడు. అభయంతో ఆరంభించి, అహింస, అక్రోధం, మార్దవం, హ్రీ అని లెక్కపెట్టాడు. మార్దవమంటే మెత్తదనం. హ్రీ అంటే సిగ్గు. మెత్తదనం, సిగ్గు ఆడవారి సొత్తని మనము అనుకున్నాము; ఆయన గాండీవధారికి విధించాడు.

బలాన్ని నేను తక్కువ చేస్తున్నానని భావించవద్దు. వ్యాయామశాలకు వెళ్లే పిల్లవానిని చూస్తే నాకు ఆనందమే. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు గుండెలపై ఏనుగును ఎక్కించుకున్నారని, ఉక్కుగొలుసులు తెంచారని మా పెద్దలు చెప్పేవారు. కలియుగభీముడని లోకం కీర్తించిన ఆ మహాబలుడు శాకాహారి, యోగాభ్యాసి. మహారాష్ట్రంలో సమర్థ రామదాసస్వామి పదిహేడవ శతాబ్దిలో ఊరూరా మారుతిని ప్రతిష్ఠించి యువకులకు బలోపాసన నేర్పాడు. దేహదార్ఢ్యం మనకు పరాయిది కాదు. ఆ బలం ఎవరి ముందు ఎలా ఉండాలన్నదే ప్రశ్న, దానికి సుందరకాండకంటె మంచి సమాధానం నాకు తెలియదు.

శతయోజనాల సముద్రాన్ని లంఘించి వచ్చిన వీరుడు అశోకవనంలో శింశుపావృక్షంపై కూర్చుని ఏమి ఆలోచించాడు? రాక్షసస్త్రీల నడుమ భయంతో ఉన్న ఆ తల్లితో ఏ భాషలో మాట్లాడాలా అని ఆలోచించాడు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని ఆమె భయపడుతుందేమో! కావున సామాన్యజనుల పలుకుబడిలో, రామకథతో మొదలుపెట్టి, మెల్లగా మాట్లాడాలని నిశ్చయించుకున్నాడు. తన వలన ఒక స్త్రీ భయపడకూడదు అన్న చింత ఆ మహాబలుని మొదటి చింత. లంకాదహనం తరువాత ఆయన పొందిన పశ్చాత్తాపం కూడా చదవండి. ఆ కోపాగ్నిలో సీతమ్మ కూడా దగ్ధమైందేమోనని తన్ను తాను నిందించుకుని, క్రోధాన్ని ఆర్పుకోగలిగినవారే ధన్యులని తలపోశాడు. కారు అద్దంపై ముఖానికీ ఈ సర్గకూ పొంతన కుదరదు.

మన తెలుగునేలపైనే పురుషత్వానికి ఎంత విశాలమైన హృదయం ఉండేదో మరచిపోయాము. గోదావరీ తీరాన ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఏకశిలామూర్తి. ముందు వైపు విష్ణువు, వెనుక వైపు మోహిని. ప్రదక్షిణం పూర్తి కావాలంటే రెంటినీ చూడవలసిందే. అన్నమాచార్యులు శృంగారసంకీర్తనలలో నాయికగా మారి స్వామి కోసం విరహించాడు; ఆయన మగతనానికి ఏ లోటూ రాలేదు, వంశమంతా పాడుకున్నది. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి నెలకొల్పిన సంప్రదాయం ఏమిటి? ఆ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం. జడ వేసుకుని, గజ్జె కట్టి, అలిగి, గర్వం విడిచి, స్వామికి శరణు అనడం పురుషునికి విధించిన సాధన. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా రంగం మీదికి వస్తే స్త్రీలే ఆ నడకను చూచి నేర్చుకునేవారని ప్రతీతి. ఇవాళ ఒక పాఠశాల వార్షికోత్సవంలో బాలుడు ఆ వేషం కడితే సహపాఠులు ఏమంటారో మీకు తెలుసు. ఆ ఎగతాళి సంప్రదాయం కాదు. సంప్రదాయం ఆ వేషమే.

ఇక గృహస్థధర్మం. ఇక్కడే అసలు చిక్కు.

కొన్ని నెలల క్రితం వివాహమై రెండేండ్లయినా కాని ఒక యువకుడు వచ్చి, భార్య మాట వినడం లేదని, ఆమె లొంగేటట్లు ఏదైనా హోమం చేయమని కోరాడు. ఆమె ఉద్యోగం చేస్తుంది, అతనికంటె జీతం అధికం. అది అతని బాధ అని అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. శాస్త్రం స్త్రీకి స్వాతంత్ర్యం లేదన్నది కదా స్వామీ అన్నాడు. అటువంటి వచనాలు స్మృతులలో ఉన్నాయి. లేవని దాచడం నా పని కాదు. అవి ఇవాళ యథాతథంగా విధించదగినవని చెప్పడమూ నా పని కాదు. ఏ యుగంలో ఏ స్మృతికి ఎంత ప్రామాణ్యమో విచారించడం మన పూర్వులకే కొత్త కాదు. నేను అతనిని అడిగినది ఒక్కటే. నాయనా, నీవు ఏ సూత్రం వాడవు? ఆపస్తంబమన్నాడు. తెలుగుదేశంలో యాజుషులు చాలామంది ఆపస్తంబులే. అయితే ఆపస్తంబుడు నీకు ఏమి చెప్పాడో విను అన్నాను.

పాణిగ్రహణం జరిగిన నాటి నుండి భార్యాభర్తల నడుమ విభాగం లేదు. కర్మలలో, పుణ్యఫలంలో, ద్రవ్యసంపాదనలో ఇద్దరూ కలిసే ఉన్నారు అంటాడు ఆయన. ఆమె జీతం ఎక్కువ, నీ జీతం తక్కువ అనే లెక్క ఆ సూత్రం ముందు నిలువదు. గృహస్థు ముందు అతిథులకు, తరువాత బాలురకు, వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు పెట్టి అటుపిమ్మట తాను భుజించాలి. కావాలంటే తనకు, ఆలికి, బిడ్డకు తగ్గించుకోవచ్చు గాని, పనిచేసే సేవకునికి తగ్గించరాదు. ఇక అన్యాయంగా భార్యను విడిచినవానికి ప్రాయశ్చిత్తం వినండి. గాడిద చర్మాన్ని వెంట్రుకలు పైకి కనబడేటట్లు కప్పుకుని, భార్యను వదిలినవానికి భిక్ష పెట్టండని చెప్పుకుంటూ ఏడిండ్లలో యాచించాలి. ఆరు నెలలు అదే జీవనం. అదే ధర్మసూత్రం చివరికి వచ్చేసరికి, ఇక్కడ చెప్పని ధర్మాలను స్త్రీల నుండి, సమస్త వర్ణాల వారి నుండి తెలుసుకోవాలని కొందరి మతమని పేర్కొంటుంది.

అతడు మౌనంగా విన్నాడు. హోమం చేయలేదు. దంపతులిద్దరూ కలిసి వస్తే ఉమామహేశ్వరులకు అభిషేకం చేయిస్తానన్నాను. వస్తారో రారో చూడాలి.

సంప్రదాయం వైపు మరలుతున్నామని చెప్పేవారిలో చాలామంది చేసేది ఇదే. శాస్త్రం పురుషునికి ఇచ్చిన అధికారాన్ని చేతబట్టుకుంటారు. అదే శాస్త్రం ఆ చేతిపై మోపిన భారాన్ని క్రింద పెడతారు. ఉపనయనంలో వటువు తప్పక చేసే పని ఏమిటి? తల్లి ముందు నిలబడి భిక్ష అడగడం. మగపిల్లవానిని ద్విజునిగా చేసే సంస్కారంలో చేయి చాచడం ఉన్నది, కత్తి పట్టడం లేదు. వివాహంలో ఏడవ అడుగు వేసిన తరువాత వరుడు వధువును సఖీ అని సంబోధిస్తాడు. ఈ మంత్రాలకు తాత్పర్యం చెప్పమని అడిగే వరుడు నూటికి ఒకడు కూడా ఉండడు. ఫోటోగ్రాఫరు మాత్రం స్వామీ, త్వరగా కానివ్వండి అంటాడు.

సభాపర్వంలో ద్యూతసభను స్మరించండి. ఆ సభలో భుజబలానికి కొరత ఉన్నదా? భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, అయిదుగురు పాండవులు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు అందరూ తలలు వంచుకుంటే, లేచి నిలబడి ఆమె ధర్మంగా గెలువబడలేదని చెప్పినవాడు వికర్ణుడు, దుర్యోధనుని సొంత తమ్ముడు. కర్ణుడు అతనిని పిల్లవాడివి, నీకేమి తెలుసునని అదలించాడు. వికర్ణుని మాట నెగ్గలేదు. తరువాత యుద్ధంలో అన్న పక్షాననే నిలిచి భీముని చేతిలో మరణించాడు. చంపిన భీముడే అతని కోసం దుఃఖించాడు. తన స్నేహబృందంలో ఒక ఆడపిల్ల చిత్రం చేతులు మారుతూ నవ్వులు వినబడుతున్నప్పుడు ‘ఇది తప్పు’ అని ఒక్క వాక్యం పలికే కుర్రవాడు ఇవాళ్టి వికర్ణుడు. అతనికి ఎవరూ రీలు చేయరు.

నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. సంప్రదాయజీవనమే పురుషునికి భూషణమని ఉపన్యాసాలు విని తలలూపే గృహస్థులను నేను ఎందరినో ఎరుగుదును. వేదపాఠశాలలో పది పన్నెండు సంవత్సరాలు గురుకులవాసం చేసి, క్రమాంతం స్వాధ్యాయం పూర్తిచేసి, దురలవాటు ఒక్కటి లేక, తెల్లవారుజామున నాలుగింటికి లేచి సంధ్యావందనం చేసే పిల్లలు మన రెండు రాష్ట్రాలలో వందలుగా ఉన్నారు. ముప్పై ఐదేండ్లు వచ్చినా వారికి సంబంధాలు కుదరడం లేదు. అడిగితే ఆడపిల్లలు ఒప్పుకోవడం లేదంటారు. ఆడపిల్లలను నేను నిందించను. ఆలయంలో జీతం ఎప్పుడు వస్తుందో తెలియని ఇంట, మడి ఆచారాల భారమంతా తన నెత్తిన పడుతుందని భయపడే కన్యను ఎవరు తప్పు పట్టగలరు? తండ్రులను మాత్రం అడుగుతాను. జితక్రోధుడు, సత్యవాది, దృఢవ్రతుడు మీ ఎదుట శిఖతో, అంగవస్త్రంతో నిలబడి ఉంటే మీకు కనబడనిది ఏమిటి? ఆ పిల్లలకు కూడా నేను ఒక మాట చెబుతూ ఉంటాను. మడి ఆమె ఒక్కతెకే విధించబడలేదు, నీరు నీవే తోడు, పొయ్యి నీవే వెలిగించు, అప్పుడు సంబంధం అడుగు అని.

పొయ్యి అంటే దీక్షల సంగతి గుర్తుకు వచ్చింది. మన ప్రాంతంలో హనుమద్దీక్ష ఏటేటా వృద్ధి చెందుతున్నది. చైత్రపూర్ణిమకు మాల వేసుకుని, వైశాఖ బహుళ దశమికి మండలం పూర్తిచేసి, కొండగట్టు వంటి క్షేత్రాలలో విరమించే యువకులు వేలసంఖ్యలో ఉంటారు. బ్రహ్మచర్యం, భూశయనం, చన్నీటిస్నానం, ఏకభుక్తం. చూడడానికి ఎంత శోభగా ఉంటుంది! కాని ఇండ్లలోకి వెళ్లి చూడండి. దీక్ష కుమారునిది, తెల్లవారకముందే మూడింటికి లేచేది తల్లి. పీఠం కడిగేది భార్య, దీక్షావస్త్రాలు ఉతికేది చెల్లెలు, మధ్యాహ్నం భిక్ష వండేది అమ్మమ్మ. నలుబది యొక్క దినాల తపస్సులో సగభాగం ఎవరి ఖాతాలో పడుతున్నదో యముని చిత్రగుప్తుడే చెప్పాలి.

ఈ ఏడు మా ఆలయంలో మాలధారణకు వచ్చినవారికి ఒక నియమం అదనంగా చెప్పాను. స్వామి తన వస్త్రం తానే ఉతుక్కోవాలి, తన కంచం తానే కడుగుకోవాలి, తన భిక్ష తానే వండుకోవాలి. మన వాఙ్మయంలో వంటకు పేరుపడినవారు నలుడు, భీముడు. ఇద్దరూ రాజవంశీయులు, ఇద్దరూ మగవారు, కావున సంకోచం అక్కరలేదన్నాను. కొందరు మరుసటి రోజే మరొక గుడిలో మాల వేయించుకున్నారని తెలిసింది. ఉండిపోయినవారు, స్వామీ, మాకు అన్నం వార్చడం కూడా రాదన్నారు. రానిదానికి సిగ్గుపడవద్దు, ఆదివారం ప్రాతఃకాలం నైవేద్యం అయిన తరువాత పాకశాలకు రండి, పులగం, చారు నేర్పుతానని చెప్పాను. బియ్యం, పెసరపప్పు ఎవరివి వారే తెచ్చుకోవాలి.